ముక్క లేని ముక్కల కూర: వీగన్ పిల్లలున్న ఇంట్లో ఆదివారం వంట

ఇంట్లో ఒకరు వీగన్ అయితే వారంలో ఆరు రోజులు పెద్ద ఇబ్బందేమీ ఉండదు. పప్పు, పులుసు, వేపుడు, రోటి పచ్చడి... నెయ్యి, పెరుగు పక్కన పెడితే మన వంటలో చాలాభాగం ముందునుంచీ వీగనే. చిక్కంతా ఆదివారంతోనే. "మా అమ్మాయి పాలు కూడా ముట్టదండీ, అన్న మాట మీద నిలబడింది" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునే అమ్మానాన్నలే, ఒక పొయ్యి మీద మటన్ ఉడుకుతుంటే రెండో పొయ్యి మీద మళ్ళీ ఆ బంగాళాదుంప కుర్మాయే పెట్టి పిల్ల ముందు చిన్నబోతారు. ముక్క లేనిదే ముద్ద దిగని ఇంట్లో పెరిగిన పిల్ల మాంసం మానేసింది ఆ రుచి నచ్చక కాదు. అదే రుచిని ఇంకో దారిలో వండి పెట్టొచ్చు.

మన మాంసం కూరలో గుబాళింపు చాలావరకు ఉల్లిపాయది, అల్లం వెల్లుల్లిది, గరం మసాలాది. అవన్నీ మొక్కలనుంచి వచ్చేవే. మాంసం తీసేస్తే నిజంగా పోయేవి మూడు: పంటికింద నలిగే పీచు, నాలుక మీద నిలిచే కొవ్వు, నూనెలో ఎర్రగా వేగినప్పుడు వచ్చే ఆ మాడీ మాడని వాసన. ఈ మూడింటినీ వెనక్కి తెచ్చుకోవడమే అసలు పని. రంగు కోసం బీట్‌రూట్ రసం పోయడం, ఎముకలా కనబడాలని చెరుకు ముక్క గుచ్చడం లాంటివి పెళ్ళి భోజనాల్లో ముచ్చటకు బాగుంటాయి గానీ కారం, పసుపు పడ్డ కూరలో రంగు ఎవరికీ పట్టదు.

కొలతల్లో పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా అంటే 5. అన్నీ నలుగురికి సరిపోయే లెక్కలు.

ముందు వంటకం, తర్వాత ముక్క

చాలామంది మీల్ మేకర్ పాకెట్ కొనేసి, దానితోనే బిర్యానీ, పులుసు, వేపుడు అన్నీ చేసి, ఏదీ కుదరలేదంటారు. ఏ కూర కావాలో ముందు తేల్చుకుని దానికి తగిన ముక్క ఎంచుకోవాలి. గోంగూర మటన్, బిర్యానీ లాంటి వాటికి పచ్చి పనసకాయ. కీమాకు మీల్ మేకర్. నాటుకోడి ఇగురుకు గోధుమ జిగురు, అంటే పిండి కడిగితే మిగిలే గ్లూటెన్. చేపకు అరటికాయ. పుట్టగొడుగులు కోడి వేపుడుకు బాగానే ఒదుగుతాయి. కాకపోతే మూకుట్లో నీరు వదిలేస్తాయి కాబట్టి పెద్ద మంట మీద, ఉప్పు చివర్లో వేసి, కొద్దికొద్దిగా వేయించుకోవాలి. ఒకేసారి అరకిలో కుమ్మరిస్తే వేగవు, ఉడుకుతాయి. ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకాన్ని కత్తితో కోయకుండా చేత్తో నిలువుగా చీల్చుకుంటే పీచు నిలుస్తుంది. వీటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

మీల్ మేకర్, గోధుమ జిగురు, పనస మూడూ మాంసం ముక్కలా తినిపించినా పోషణలో ఒకటి కాదు. మీల్ మేకర్ ఎండుగా ఉన్నప్పుడు 100 గ్రాముల్లో 50 గ్రాముల పైచిలుకు ప్రోటీన్ ఉంటుంది. గోధుమ జిగురు అంటేనే ప్రోటీన్. పచ్చి పనసకాయలో మాత్రం 100 గ్రాములకు రెండు గ్రాముల ప్రాంతంలోనే. పనస బిర్యానీ పెట్టిన రోజు పక్కన పప్పుతో చేసిన దాల్చా కూడా ఉండాలి.

రాతిపువ్వు లేకుండా మొదలుపెట్టొద్దు

మాంసం కూర వాసన రావాలంటే మసాలా డబ్బాలో తప్పక ఉండాల్సింది రాతిపువ్వు. హైదరాబాదులో పత్తర్ కా ఫూల్ అంటారు. బండల మీద, చెట్ల మీద నాచులా పెరిగే లైకెన్ ఇది. పచ్చిగా చూస్తే మట్టివాసన తప్ప ఏమీ ఉండదు. నూనె తగిలి వేడెక్కగానే పొగచూరిన మాంసం లాంటి వాసన వస్తుంది. దీనిలో ఇసుక ఉంటుంది కాబట్టి జల్లెడలో దులిపి, చేత్తో నలిపి చూసి వాడాలి. ఎక్కువైతే చేదు.

ఇక్కడి కూరలన్నిటికీ పనికొచ్చే పొడి: ధనియాలు 2 పెద్ద చెంచాలు, ఎండుకొబ్బరి తురుము 2 పెద్ద చెంచాలు, గసగసాలు 1 పెద్ద చెంచా, మిరియాలు అర చిన్న చెంచా, షాజీరా అర చిన్న చెంచా, లవంగాలు 6, యాలకులు 4, రెండంగుళాల దాల్చిన చెక్క, అనాసపువ్వు 1, రాతిపువ్వు 1 చిన్న చెంచా. రాతిపువ్వును అర చెంచా నూనెలో విడిగా వేయించండి. మిగతావి సన్నమంట మీద పొడిగా వేయించి, గసగసాలు, కొబ్బరి మాత్రం ఆఖరున ఒక్క నిమిషం ఉంచి దించేయాలి. కొబ్బరి మాడితే పొడంతా చేదెక్కుతుంది. చల్లారాకే మిక్సీ పట్టాలి.

కొవ్వు సంగతి. మటన్ కూర మీద తేలే ఆ నూనె సగం ముక్కలోంచి వచ్చేదే. మన ముక్కల్లో కొవ్వు దాదాపు లేదు, కాబట్టి మామూలు కూర కంటే నూనె ఒకటిన్నర రెట్లు పడుతుంది. అది ఇష్టం లేకపోతే 15 జీడిపప్పులు నానబెట్టి రుబ్బిన ముద్ద వేయండి. కబాబులు, కట్లెట్లు లాంటి వాటిలో కొబ్బరినూనె బాగా పనికొస్తుంది. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక తురిమి పిండిలో కలిపితే, వేగేటప్పుడు కరిగి లోపలనుంచి తడి ఇస్తుంది. మన ఎండాకాలంలో తురిమేలోపే కరిగిపోతుంది, చేతులు కూడా చల్లగా ఉండాలి. కొబ్బరి వాసన వద్దనుకుంటే రిఫైన్డ్ రకం తీసుకోండి.

గోంగూర పనస

బెంగాల్‌లో పచ్చి పనసకాయను గాఛ్ పాంఠా అంటారు, చెట్టుకు కాసిన మేకపోతు అని. మనకు గోదావరి జిల్లాల పనసపొట్టు కూర తెలుసు గానీ, ఆవ పెట్టే ఆ కూరకు సన్నగా కొట్టిన పొట్టు ఈ పనికి రాదు. కాయ కావాలి, లేదంటే పెద్ద ముక్కలుగా కోసి అమ్మేది కావాలి.

కాయ ఎంపికలోనే సగం కూర. ఒకటిన్నర నుంచి మూడు కిలోల లేతకాయ తీసుకోవాలి. కోస్తే లోపలంతా తెల్లగా ఉండాలి, గింజ పైపొర కత్తికి అడ్డు తగలకుండా తెగాలి. తొనలు విడిగా కనబడుతూ పసుపు రంగు తిరిగిందంటే తీపి మొదలైందన్నమాట. దానిమీద ఎంత మసాలా వేసినా తీపి దాగదు. మరీ బుడ్డకాయలో ఇంకా పీచు కట్టదు, ఉడికితే సొరకాయలా ఉంటుంది.

చేతులకు, కత్తికి, పీటకు నూనె దట్టంగా పూసుకుని కోయాలి. పాలు అంటుకుంటే నీళ్ళతో పోదు, నూనెతో రుద్దాకే సబ్బు. ముళ్ళ తొక్క తీసేసి, మధ్య దూటను పారేయకుండా దానితో కలిపి రెండంగుళాల ముక్కలు కోయండి. ముక్కను విడిపోకుండా పట్టుకునేది ఆ దూటే. మటన్ ముక్కలో ఎముక చేసే పని అది. కోసిన ముక్కలు వెంటనే పసుపు నీళ్ళలో వేయకపోతే నల్లబడతాయి.

ముక్కలు 750 గ్రాములు తీసుకుని, ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో 10 నుంచి 12 నిమిషాలు ఉడికించండి. చాకు గుచ్చితే దిగాలి గానీ ముక్క విరగకూడదు. కుక్కర్ అయితే ఒకే ఒక్క కూత, వెంటనే ఆవిరి తీసేయాలి. మటన్ అలవాటుతో నాలుగు కూతలు రానిస్తే మిగిలేది పప్పుగుత్తి పని. వార్చి, పాత బట్ట మీద 20 నిమిషాలు ఆరబెట్టండి. తడి ముక్క నూనెలో చిటపటలాడుతుందే తప్ప ఎర్రబడదు.

వెడల్పాటి మూకుట్లో 5 పెద్ద చెంచాల నూనె కాగాక ముక్కల్ని రెండు దఫాలుగా వేయించాలి. వేసి వదిలేయండి, రెండు మూడు నిమిషాలు గరిటె పెట్టొద్దు. అడుగువైపు గోధుమరంగు తిరిగి, అంచుల్లో పీచులు గరగరలాడుతూ పైకి లేస్తాయి. అప్పుడు తిప్పాలి. పచ్చి ముక్కను నేరుగా కూరలో వేసేవాళ్ళు పోగొట్టుకునేది ఈ వాసననే.

అదే నూనెలో సన్నగా తరిగిన 250 గ్రాముల ఉల్లిపాయ 12 నుంచి 15 నిమిషాలు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర పెద్ద చెంచా వేసి పచ్చివాసన పోనివ్వాలి. పసుపు అర చిన్న చెంచా, కారం 2 చిన్న చెంచాలు, సరిపడా ఉప్పు, పైన చెప్పిన పొడి ఒకటిన్నర పెద్ద చెంచా. నిమిషం వేగాక ముక్కలు వేసి, 300 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోసి, మూతపెట్టి 15 నిమిషాలు సన్నమంట.

గోంగూరను ముందే వేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పులుపు తగిలితే కూరగాయ మెత్తబడటం ఆగిపోతుంది. చింతపండు పోశాక బెండకాయ బిరుసుగా ఉండిపోవడం చూసే ఉంటారు, ఇదీ అంతే. 200 గ్రాముల ఎర్ర గోంగూర ఆకును 6 పచ్చిమిరపకాయలతో, చెంచా నూనెలో విడిగా మగ్గబెట్టి మెదిపి ఉంచుకోండి. ముక్క పూర్తిగా మెత్తబడి, చేత్తో నొక్కితే పీచులుగా విడివడుతున్నప్పుడే గోంగూర కలిపి, ఇంకో 6 నిమిషాలు నూనె తేలేదాకా ఉంచి దించాలి. గంటసేపు ఆగి తింటే బాగుంటుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఈ విషయంలో ఇది అచ్చం మటన్ కూరే.

మీల్ మేకర్ కీమా

మీల్ మేకర్ అంటే మొహం ముడిచేవాళ్ళకు నచ్చనిది దాని పచ్చి సోయా వాసన. ఆ వాసన పోగొట్టేది మసాలా కాదు, కడగడం. సన్న రవ్వలా దొరికే మీల్ మేకర్ 100 గ్రాములు, లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు, దంచిన అల్లం ముక్క వేసి 5 నిమిషాలు మరిగించండి. వార్చి, రెండుసార్లు చన్నీళ్ళలో కడిగి, బట్టలో మూటకట్టి, చుక్క రాలనంతవరకు పిండండి. ఉండలే ఉంటే ముందు నానబెట్టి పిండాక మిక్సీలో రెండుసార్లు ఆపి ఆపి తిప్పాలి. ఎండువాటిని పొడి చేస్తే పిండైపోతుంది.

మీల్ మేకర్ స్పాంజి లాంటిది. మొదట ఏం తాగితే అదే దాని రుచి. మామూలు నీళ్ళు తాగి కడుపు నిండిన దానిలోకి ఇంక మసాలా దూరదు. అందుకే పిండడంలో మొహమాటం వద్దు. పిండిన రవ్వలో సోయా సాస్ 1 పెద్ద చెంచా, నిమ్మరసం 1 చిన్న చెంచా, కారం, పసుపు, నూనె ఒక్కో చిన్న చెంచా వేసి 15 నిమిషాలు ఉంచండి.

తర్వాత ఖాళీ మూకుట్లో, నూనె లేకుండా, పెద్దమంట మీద 4 నిమిషాలు వేయిస్తే మిగిలిన తడి పోయి గింజలు విడివిడిగా అవుతాయి. ఇప్పుడు 4 పెద్ద చెంచాల నూనె, 2 ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, 2 టమాటాల గుజ్జు, మసాలా పొడి, గుప్పెడు బఠాణీలు. కొవ్వు కోసం 30 గ్రాముల వాల్‌నట్లు గాని, పొట్టు తీసిన పల్లీలు గాని కచ్చాపచ్చాగా దంచి కలపండి. వాల్‌నట్‌లో ఉండే చిరుచేదు కీమాకు నప్పుతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి దగ్గరపడే దాకా ఉంచి, కొత్తిమీర, పుదీనా చల్లి దించాలి. సమోసాల్లోకి, పావ్‌లోకి పెడితే తేడా కనిపెట్టడం కష్టం. అన్నంలో కలుపుకున్నప్పుడు తెలుస్తుంది.

గోధుమ జిగురుతో నాటుకోడి

చైనాలో బౌద్ధ మఠాల వంటవాళ్ళు శతాబ్దాలుగా మాంసానికి బదులు వాడుతున్న పదార్థం ఇది. బయటి దేశాల్లో సీటాన్ అంటారు, ఆ పేరు జపాన్‌లో పుట్టింది. మన దగ్గర మాడుగుల హల్వాకు గోధుమ పాలు తీస్తారే, ఆ పాలు పోగా మిగిలే పిప్పిలో సాగేది ఈ జిగురే. హల్వాకు పాలు కావాలి, మనకు పిప్పి కావాలి.

మైదా కిలో, ఉప్పు 1 చిన్న చెంచా, నీళ్ళు 600 మిల్లీలీటర్లు. గోధుమపిండి వాడొద్దు. దానిలోని పొట్టు జిగురు తీగలను తెంపుతుంది, కడిగే కొద్దీ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా 10 నిమిషాలు బాగా మర్దించి, ముద్ద మునిగేలా చన్నీళ్ళు పోసి గంటసేపు వదిలేయండి. ఈ గంట ఎగ్గొడితే కడిగేటప్పుడు జిగురు కూడా పిండితో పాటు కొట్టుకుపోతుంది.

ఇక కడగడం. బేసిన్‌లో నీళ్ళు పోసి, అందులోనే ముద్దను బట్టలు పిసికినట్టు పిసకాలి. మొదటి నీళ్ళు పాలంత చిక్కగా వస్తాయి. వాటిని పారబోయకుండా వేరే గిన్నెలో ఉంచండి. నాలుగు గంటల్లో పిండి అడుగుకు దిగుతుంది, పైనీళ్ళు వంపేస్తే హల్వాకో, వేపుళ్ళకు పైపూతగానో కార్న్‌ఫ్లోర్ బదులు వాడుకోవచ్చు. రెండో నీళ్ళలో ముద్ద జారుడుగా, చీలికలు పేలికలుగా విడిపోతుంది. చాలామంది పాడైపోయిందనుకుని వదిలేసేది ఇక్కడే. కింద జల్లెడ పెట్టుకుని, జారిపోయిన తునకలన్నీ పోగుచేసి మళ్ళీ ముద్దలో కలపండి. మూడో నాలుగో నీళ్ళకు అవన్నీ వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రంగు తెలుపు పోయి బూడిద కలిసిన లేత పసుపుకు తిరుగుతుంది. లాగితే చూయింగ్ గమ్‌లా సాగి వెనక్కి పోతుంది. ఐదో ఆరో నీళ్ళు మజ్జిగ తేటలా పల్చబడగానే ఆపాలి. నీళ్ళు అద్దంలా తేరేదాకా కడిగితే ముక్క రబ్బరవుతుంది, కొంచెం పిండి మిగిలితేనే మెత్తన.

కిలో మైదాకు 300 గ్రాములకు అటూ ఇటూగా తడి జిగురు వస్తుంది. జల్లెడలో అరగంట వదిలితే నీరు ఓడిపోతుంది. పళ్ళెంలో పరిచి ఉప్పు అర చిన్న చెంచా, మిరియాల పొడి అర, ధనియాల పొడి 1, వెల్లుల్లి పొడి 1 చల్లి, మడిచి మడిచి పిసకండి. అల్లం వెల్లుల్లి ముద్ద ఇక్కడ వద్దు, తడికి జారిపోయి జిగురు అతుక్కోదు. ఇప్పుడు రెండు అంగుళాల వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని చేతికొద్దీ సాగదీసి, తాడులా మెలిపెట్టి, రెండు ముడులు వేయండి. లోపల కోడి తొడలో ఉండే పీచు పుట్టేది ఈ మెలికల వల్లే. ఉండగా చేసి ఉడికిస్తే బన్నులా ఉంటుంది. ముడులు అరగంట ఆగాలి, లేకపోతే వెంటనే విప్పుకుంటాయి.

ఉడికించే నీళ్ళలోనే రుచంతా పట్టాలి. ఒకటిన్నర లీటర్ల నీళ్ళలో, పొయ్యి మీద తొక్కతో కాల్చి నల్లబరిచిన ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు 6, దంచిన అల్లం, ఎండు పుట్టగొడుగులు నాలుగైదు, బిర్యానీ ఆకులు 2, మిరియాలు 10, రాతిపువ్వు 1 చిన్న చెంచా, సోయా సాస్ 2 పెద్ద చెంచాలు, ఉప్పు 1 చిన్న చెంచా. ముడుల్ని 2 పెద్ద చెంచాల నూనెలో రెండువైపులా మూడేసి నిమిషాలు కాల్చి ఈ నీళ్ళలో వదలండి. నీళ్ళు తెర్లకూడదు. పైన నీటి తలం వణకాలి, అక్కడక్కడా ఒక్కో బుడగ లేవాలి, అంతే. అలా 50 నిమిషాలు. కళపెళ మరిగితే ముక్కలో గాలి చేరి బొరియలు పడి, నీళ్ళు పీల్చిన బ్రెడ్డులా ఉబ్బుతుంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు. ఆ నీళ్ళలోనే చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడుతుంది. మర్నాడు కత్తి పెట్టకుండా చేత్తో చీల్చండి, ముక్క దాని పీచు వెంటే విడిపోతుంది.

ఇంత ఓపిక లేనివాళ్ళకు గ్లూటెన్ పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 150 గ్రాముల పొడి, 30 గ్రాముల శనగపిండి, పైన చెప్పిన మసాలా పొడులు, 180 మిల్లీలీటర్ల చల్లారిన రసం కలిపి మూడు నిమిషాలే పిసకాలి. మిగతాదంతా అంతే.

ఇగురు మామూలే. 3 పెద్ద చెంచాల నూనెలో ముక్కలు అంచులు గరగరలాడేదాకా వేయించి తీసి, అదే నూనెలో ఉల్లి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి, కారం, మసాలా పొడి, కొంచెం గసగసాలు కొబ్బరి ముద్ద. ముక్కలు ఉడికిన రసమే 200 మిల్లీలీటర్లు పోసి 10 నిమిషాలు దగ్గరికి ఇగరబెట్టాలి. రసంలో ఉప్పు, సోయా సాస్ ఉన్నాయి కాబట్టి రుచి చూసే దాకా కూరలో ఉప్పు వేయొద్దు. బ్రాయిలర్ కోడి మెత్తదనం దీనికి రాదు, రప్పించే ప్రయత్నం కూడా అనవసరం. నమిలి నమిలి తినే నాటుకోడిలా వండి, రాగి సంకటితో పెట్టండి. గ్లూటెన్ పడనివాళ్ళు, సీలియాక్ ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికే పోకూడదు, ఇదంతా అదే.

రసంతో సహా ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు ఆగుతుంది.

హలీం

2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంలో మాంసం ఉండాల్సిందే, కాబట్టి దీన్ని ఇంటివరకే హలీం అనుకుందాం. అయితే ఆ వంటలో మాంసంతో పాటు గోధుమలూ పప్పులూ ఉండటంతో కష్టం తక్కువ. 100 గ్రాముల గోధుమ నూక, శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు రెండేసి పెద్ద చెంచాలు కలిపి 4 గంటలు నానబెట్టి, లీటరు నీళ్ళతో కుక్కర్‌లో 7 కూతలు రానివ్వాలి. పనసకాయకు ఇక్కడ నాలుగు కూతలు రానిచ్చినా ఫరవాలేదు. 400 గ్రాముల ముక్కలు మెత్తగా ఉడికించి, గింజలు తీసేసి, రోట్లో దంచితే సన్నని దారాలవుతాయి. దానికి పైన చెప్పినట్టు కడిగి పిండిన మీల్ మేకర్ రవ్వ 50 గ్రాములు కలిపితే ప్రోటీన్ లోటు కూడా తీరుతుంది. మిక్సీ వేస్తే పీచు పోయి జావ మిగులుతుంది.

నెయ్యి స్థానంలో, ఉల్లిపాయలు ఎర్రగా వేయించిన నూనె 5 పెద్ద చెంచాలు వాడండి. అందులో మసాలా, పచ్చిమిరప, పుదీనా వేయించి, అన్నీ కలిపి, సన్నమంట మీద పప్పుగుత్తితో 20 నిమిషాలు కుమ్మాలి. చెయ్యి నొప్పి పుట్టేదాకా కుమ్మితే గాని గరిటె ఎత్తినప్పుడు తీగ సాగదు. నిమ్మకాయ, వేయించిన ఉల్లి, జీడిపప్పు పైన.

చేప, గుడ్డు

అరటికాయను తొక్కతోనే 8 నిమిషాలు ఉడికించి, ఒలిచి, ఏటవాలుగా సెంటీమీటరు మందాన కోస్తే వంజరం ముక్కల్లా ఉంటాయి. కారం, ఉప్పు, నిమ్మరసం, బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించుకోవాలి. సముద్రపు వాసన కావాలంటే సుషీకి చుట్టే నోరి అనే సముద్రపు నాచు ఆకు ఒకటి పెనం మీద వేడిచేసి నలిపి మసాలాలో కలపండి. పులుసులో అయితే అదీ అక్కర్లేదు. వేయించిన మెంతులు, ఆవాల పొడి అర చెంచా పడితే చేపల పులుసు వాసన దానంతటదే వస్తుంది. ముక్కలు దించే 5 నిమిషాల ముందు వేయాలి.

గుడ్డు పొరటుకు 200 గ్రాముల గట్టి టోఫూ చిదిపి, ఉల్లి, పచ్చిమిరప, పసుపుతో వేయించి, పొయ్యి కట్టేశాక పావు నుంచి అర చిన్న చెంచా నల్ల ఉప్పు చల్లండి. దానిలోని గంధకపు వాసనే గుడ్డు వాసన. పొయ్యి మీద ఉండగా వేస్తే ఆవిరితో పాటు పోతుంది.

పెరుగు, పచ్చచుక్క, గరిటె

బిర్యానీకి ముక్క నానబెట్టడానికి పెరుగు లేదే అని ఆగిపోవద్దు. 20 జీడిపప్పులు అరగంట వేడినీళ్ళలో నానబెట్టి, ఒకటిన్నర పెద్ద చెంచా నిమ్మరసం, 80 మిల్లీలీటర్ల నీళ్ళతో మెత్తగా రుబ్బితే పులుపు, కొవ్వు రెండూ వస్తాయి. పనస ముక్కలకు ఇది పట్టించి గంట చాలు. బియ్యం 70 శాతం ఉడికించి దమ్ 15 నిమిషాలే పెట్టాలి, ముక్క ముందే ఉడికింది కదా.

పాకెట్ మీద పచ్చచుక్క ఉంటే శాకాహారమనే అర్థం, వీగన్ అని కాదు. పాలపొడి, నెయ్యి, తేనె ఉన్నవాటికీ పచ్చచుక్కే పడుతుంది. వీగన్ వస్తువులకు ఆహార భద్రతా సంస్థ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆకుపచ్చ 'వి' అక్షరం గుర్తు వేరే ఉంది, అది చూడండి. బయట దొరికే సోయా చాప్‌ను చాలాచోట్ల పెరుగు, మీగడలోనే నానబెడతారు. చాలా రెడీమేడ్ నాన్‌లలో పాలు ఉంటాయి. ఆయిస్టర్ సాస్‌ను ఆయిస్టర్ మష్రూమ్ పేరు చూసి పొరబడి కొనేవాళ్ళున్నారు, అది ఆల్చిప్పల సాస్.

ఒక మాట మందుల గురించి. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. ఎంత బాగా వండినా ఇది మాత్రం మాత్రల రూపంలోనో, బి12 కలిపిన సోయా పాల లాంటి వాటిలోనో అందాలి. మోతాదు డాక్టరునడిగి వేసుకోవాలి. గోధుమ ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో ఎక్కువ. సీటాన్ కూర వండిన పూట పప్పుచారు ఉంటే లెక్క సరిపోతుంది.

రెండు పొయ్యిల మీద రెండు కూరలు నడిచే ఇంట్లో గరిటెలు కూడా రెండుండాలి. వేయించే నూనె కూడా వేరే. మటన్ వేగిన మూకుడులో మిగిలిన నూనెతో పనస వేయిస్తే రుచి బ్రహ్మాండంగా ఉంటుంది, పిల్ల మాత్రం తినదు.